పాటకు ఎల్లలు చెరిపిన గొంతు: జాన్ పీల్

2004 అక్టోబరు 26, మంగళవారం. ఆ మధ్యాహ్నం బ్రిటన్ దేశమంతటా ఒక వార్త క్షణాల్లో పాకిపోయింది. బి.బి.సి. రేడియో ప్రయోక్త జాన్ పీల్ ఇక లేరు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల నడుమనున్న కుస్కో నగరంలో భార్యతో కలిసి పర్యటిస్తుండగా, అంతకు ముందు రోజు ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు 65 సంవత్సరాలు. వార్త తెలిసిన వెంటనే బి.బి.సి. వారి రేడియో 1 కేంద్రం అనుకున్న కార్యక్రమాలన్నింటినీ పక్కన పెట్టి, రోజంతా ఆయన స్మృతికే అంకితం చేసింది. ప్రధానమంత్రి కార్యాలయం మొదలు పేరూ ఊరూ లేని పాటగాళ్ల వరకు సంతాపం తెలిపినవారి సంఖ్యకు లెక్క లేదు.

దేశాధినేత పోతే జనం దుఃఖిస్తారు. తెరమీది కథానాయకుడు పోతే అభిమానులు విలపిస్తారు. కాని ఈయన పాడినవాడు కాదు, వాద్యం పట్టినవాడు కాదు, ఒక్క బాణీ కూడా కట్టినవాడు కాదు. రాత్రిపూట ఒక చిన్న గదిలో కూర్చుని ఇతరుల రికార్డులు వినిపించినవాడు మాత్రమే. అటువంటి మనిషి కోసం తాతలు, తండ్రులు, మనుమలు ఒకే విధంగా కంటతడి పెట్టడానికి కారణమేమిటి? ఆయన చేసిన పని ఏమిటి? పోయి రెండు దశాబ్దాలు దాటినా ఆ పేరు ఎందుకు వినిపిస్తూనే ఉన్నది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదికితే, ఒక మనిషి చెవి ఎందరి బతుకులను మార్చగలదో బోధపడుతుంది.

పాటను ఎంచేవాడు

ఆంగ్లంలో డిస్క్ జాకీ అనే మాటను కుదించి డి.జె. అంటారు. రికార్డులు వేస్తూ, నడుమ నాలుగు మాటలు చెబుతూ శ్రోతను వెంట నడిపించే వ్యక్తి అని దాని భావం. పైకి సులువుగా కనిపించే ఈ పనిలో పెద్ద అధికారమే దాగి ఉన్నది. వారం వారం వందలాది కొత్త రికార్డులు వెలువడుతుంటాయి. రేడియోలో సమయం కొద్దిగంటలే. ఏ పాట జనం చెవిన పడాలి, ఏది పెట్టెలోనే మట్టి కొట్టుకుపోవాలి అన్నది ఆ కుర్చీలో కూర్చున్నవాడి ఎంపికను బట్టి ఉంటుంది. సాధారణంగా ఆ ఎంపికను అంగడి శాసిస్తుంది. బాగా అమ్ముడైన పాటనే మళ్లీ మళ్లీ వేస్తారు, మళ్లీ మళ్లీ వేసినందువల్ల అది మరింత అమ్ముడవుతుంది.

ఈ చక్రానికి బయట ఉండిపోయే సంగీతం ఎంతో ఉంటుంది. పెద్ద కంపెనీల అండ లేక, సొంత ఖర్చుతో అయిదువందలో వెయ్యో ప్రతులు వేసుకుని, సంచిలో పెట్టుకుని తిరిగే యువకుల సంగీతం అది. కొత్తదనం వల్ల కొంత, కటుత్వం వల్ల కొంత, వేరే భాష కావడం వల్ల కొంత అది రాజమార్గం మీదికి రాలేదు. దానినే పాశ్చాత్య దేశాల్లో ఆల్టర్నేటివ్ సంగీతం అన్నారు. పెద్ద బాట పక్కన సాగే కాలిబాట అనుకోవచ్చు. జాన్ పీల్ తన 37 సంవత్సరాల బి.బి.సి. జీవితాన్ని ఆ కాలిబాటకే ధారపోశారు.

పత్తి వర్తకుని కుమారుడు

ఆయన అసలు పేరు జాన్ రాబర్ట్ పార్కర్ రేవెన్స్‌క్రాఫ్ట్. 1939 ఆగస్టు 30న ఇంగ్లాండులోని లివర్‌పూల్ రేవుపట్టణానికి సమీపాన గల హెస్వాల్‌లో జన్మించారు. తండ్రి పత్తి వర్తకుడు. ప్రపంచం నలుమూలల నుండి పత్తి బేళ్లు దిగే ఆ రేవులో ఆ వ్యాపారానికి గొప్ప పేరుండేది. కలిగిన కుటుంబాల పిల్లలు చదివే ష్రూస్‌బరీ వసతి పాఠశాలలో ఆయన చదివారు. చదువులో మెరిసినవాడు కాదు. ఒంటరితనానికి రేడియో తోడైంది, రేడియో నుండి రికార్డులు, రికార్డుల నుండి జీవితకాలపు వ్యసనం పుట్టాయి.

నాటి నిబంధన ప్రకారం రెండేళ్లు సైన్యంలో రాడార్ విభాగంలో పనిచేసి, 1960లో తండ్రి ప్రోత్సాహంతో పత్తి పని నేర్చుకునేందుకు అమెరికాకు వెళ్లారు. ఆ పని అంటలేదు. టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరంలో బీమా సంస్థలో గుమాస్తాగిరీ వంటి పనులు చేస్తూ, మెల్లగా స్థానిక రేడియోలో అడుగుపెట్టారు. 1963 నవంబరులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ అదే నగరంలో హత్యకు గురైనప్పుడు, లివర్‌పూల్ పత్రికా విలేఖరినని చెప్పి నిందితుడు ఆస్వాల్డును ప్రవేశపెట్టిన గదిలోకి ఆయన ప్రవేశించడం, ఆనాటి చలనచిత్రాల్లో ఆయన ముఖం కనబడడం ఒక విచిత్రం. తరువాతి ఏడాది బీటిల్స్ బృందం అమెరికాను ఊపివేసింది. ఆ బృందం లివర్‌పూల్‌ది. ఈయన యాస లివర్‌పూల్ ప్రాంతానిది. అంతే, బీటిల్స్ గురించి అన్నీ తెలిసినవాడన్న పేరుతో రేడియో కేంద్రాలు ఆయనను ఆహ్వానించాయి. ఓక్లహామాలోనూ, కాలిఫోర్నియాలోనూ పనిచేసి 1967 ఆరంభంలో స్వదేశానికి తిరిగి వచ్చారు.

గీత అవతల లంగరు వేసిన ఓడ

ఆ రోజుల్లో బ్రిటన్‌లో రేడియో అంటే బి.బి.సి. ఒక్కటే. యువతరం కోరిన పాప్ సంగీతానికి అందులో దొరికే చోటు స్వల్పం. ఈ కొరతను కనిపెట్టిన కొందరు 1964 నుండి ఒక ఉపాయం పన్నారు. దేశపు చట్టం తీరం నుండి కొన్ని మైళ్ల వరకే చెల్లుతుంది. ఆ గీతకు అవతల సముద్రంలో పాత ఓడలను లంగరు వేసి, వాటి మీద ప్రసార స్తంభాలు నిలిపి, ఒడ్డున ఉన్న జనానికి పాటలు వినిపించారు. వీటినే దొంగ రేడియోలు అన్నారు. రేడియో కెరొలైన్, రేడియో లండన్ వాటిలో ప్రసిద్ధమైనవి.

సరిహద్దు గ్రామాల పెద్దలకు ఈ సంగతి వింతగా తోచదు. 1952 ప్రాంతంలో ఆకాశవాణి సినిమా పాటలను బాగా తగ్గించివేసినప్పుడు, దేశమంతా రేడియో ముల్లును కొలంబో వైపు తిప్పింది. రేడియో సిలోను ప్రసారాలకు సముద్రం అడ్డు రాలేదు. ఆ పోటీకి జవాబుగానే 1957 అక్టోబరులో వివిధభారతి పుట్టింది. రాజ్యాలు గీసుకున్న గీతలను గాలి అలలు లెక్కచేయవన్న సత్యం ఇక్కడా అక్కడా ఒకే విధంగా రుజువైంది.

రేడియో లండన్ ఓడ మీదనే ఆయనకు జాన్ పీల్ అనే కొత్త పేరు వచ్చింది. ఇంటిపేరు పలకడానికి పొడవుగా ఉన్నదని కార్యాలయంలోని ఒక ఉద్యోగిని ఈ పేరు సూచించింది. అర్ధరాత్రి పన్నెండు నుండి రెండు గంటల వరకు ఆయన ప్రసారం. ఆ వేళ యాజమాన్యం వారు వినడం లేదని గ్రహించి, ఇచ్చిన జాబితాను పక్కన పెట్టి తనకు నచ్చిన పాటలు వేయసాగారు. శ్రోతల ఉత్తరాలు చదివారు, కవితలు చదివారు. కొద్ది నెలల్లోనే ఉత్తరాలు వరదలా వచ్చిపడ్డాయి. అయితే 1967 ఆగస్టు నడిమికి కొత్త చట్టం అమలులోకి వచ్చి ఆ ఓడల నోరు నొక్కింది. రేడియో లండన్ ఆగస్టు 14న మూతపడింది.

ప్రభుత్వం ఒక చేత్తో మూసిన తలుపును మరొక చేత్తో తెరవవలసి వచ్చింది. 1967 సెప్టెంబరు 30న బి.బి.సి. యువతరం కోసం రేడియో 1ను ప్రారంభించింది. ఓడల మీది ప్రయోక్తలనే పిలిచి పనిలో పెట్టుకున్నది. ఆ తొలి బృందంలో జాన్ పీల్ ఒకరు. మిగిలినవారంతా ఒక్కొక్కరుగా నిష్క్రమించినా, 2004లో మరణం వచ్చేవరకు ఆ కేంద్రాన్ని విడువనివారు ఆయన ఒక్కరే.

కొరత నుండి పుట్టిన సంపద

ఆయన పేరుతో ముడిపడి నిలిచిపోయిన మాట పీల్ సెషన్. దాని పుట్టుక వెనుక ఒక చిత్రమైన కారణమున్నది. రికార్డులు అదే పనిగా వేస్తే వాద్యకారులకు పని లేకుండా పోతుందని, రికార్డుల అమ్మకం పడిపోతుందని అక్కడి వాద్యకారుల సంఘం, రికార్డు కంపెనీలు భయపడ్డాయి. అందువల్ల రేడియోలో రికార్డు మీద ముల్లు ఆడే సమయానికి రోజుకు ఇన్ని గంటలని హద్దు పెట్టారు. ఈ నియమం 1980ల చివరి దాకా కొనసాగింది. మిగిలిన సమయాన్ని పూరించడానికి పాటగాళ్లను స్టూడియోకు పిలిచి ప్రత్యేకంగా పాడించక తప్పలేదు.

ఇతరులు దీనిని తప్పనిసరి తంటాగా భావిస్తే, పీల్, 1969 నుండి ఆయనకు కుడిభుజమై నిలిచిన నిర్మాత జాన్ వాల్టర్స్ దానినే అవకాశంగా మలచుకున్నారు. రికార్డు కంపెనీ ముఖం చూడని బృందాలను పిలిచారు. లండన్‌లోని మైడా వేల్ స్టూడియోలో ఒక్కరోజు గడువు. ఉదయం వాద్యాలు దింపుకోవడం, రాత్రికి నాలుగు పాటలు ముగించి వెళ్లడం. మెరుగులు దిద్దడానికి వ్యవధి లేదు. అందువల్లనే ఆ ముద్రణల్లో ప్రాణం తొణికిసలాడుతుందని రసజ్ఞులు అంటారు. పైగా ఆ పాటగాళ్లకు బి.బి.సి. పారితోషికం ఇచ్చేది. చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రవాళ్లకు ఆ సొమ్ము, ఆ గౌరవం రెండూ ప్రాణవాయువులే. ఈ విధంగా 2,000కు పైగా బృందాలు 4,000కు పైగా సెషన్లు చేశాయి. డేవిడ్ బోవీ, పింక్ ఫ్లాయిడ్, జాయ్ డివిజన్, ది స్మిత్స్, పి.జె. హార్వే వంటి పేర్లన్నీ ఆ గుమ్మం దాటినవే. మాంచెస్టర్ ప్రాంతపు ది ఫాల్ బృందం ఏకంగా 24 సార్లు వచ్చింది. ఎందరు ముఖం చిట్లించినా ఆ బృందం మీద ఆయనకు తరగని మక్కువ.

షెఫీల్డ్ నగరపు బడిపిల్లల బృందం పల్ప్ కథ ఈ సందర్భంలో చెప్పుకోదగినది. 1981లో పీల్ ఆ ఊరికి వచ్చినప్పుడు జార్విస్ కాకర్ అనే విద్యార్థి తమ పాటల క్యాసెట్టును ఆయన చేతిలో పెట్టాడు. దారిలో విని, పిలిపించి సెషన్ చేయించారు. తరువాత ఆ బృందాన్ని లోకం మరచిపోయింది. రెండవ సెషన్‌కు పన్నెండేళ్లు పట్టింది. 1995 నాటికి అదే పల్ప్ దేశమంతటా మారుమోగింది. పన్నెండేళ్ల చీకటిలో ఒకే ఒక్క రోజు వెలిగిన దీపం దారి చూపిందని అనుకోవచ్చు.

రెండుసార్లు మోగిన పాట, దారి తెరిచిన బిరియాని

పీల్ స్వభావాన్ని తెలిపే ముచ్చట్లు అనేకం. 1978లో ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్టణం కాల్పులు, పేలుళ్లతో అట్టుడికిపోతున్నది. ఆ ఊరి కుర్రవాళ్ల బృందం అండర్‌టోన్స్ ఒక చిన్న రికార్డు వేసింది. పేరు టీనేజ్ కిక్స్. కల్లోలం గురించి ఒక్క మాట లేదు. లేతవయస్సు ఆరాటం గురించిన రెండున్నర నిమిషాల పాట. పీల్ దానిని వేశారు. ముగియగానే మళ్లీ అదే పాట వేశారు. రేడియోలో అది కనీవినీ ఎరుగని చర్య. జీవితాంతం తనకు అత్యంత ప్రియమైన పాట అదేనని చెబుతూ వచ్చారు. పట్టణాల పేర్లు చావుల లెక్కలతో మాత్రమే వినిపించే కాలంలో, డెర్రీ పేరు ఒక పాటతో వినిపించింది.

మరొక ముచ్చట తెలుగు ఇంటివారికి నవ్వు తెప్పించేది. 1983లో ఒక సాయంత్రం పీల్, ఇప్పుడు పుట్టగొడుగుల బిరియాని దొరికితే దేనికైనా సిద్ధమని రేడియోలో సరదాగా అన్నారు. అది విన్న బిల్లీ బ్రాగ్ అనే కొత్త గాయకుడు భోజనశాలకు పరుగెత్తి, బిరియాని పొట్లంతోపాటు తన రికార్డును పట్టుకుని బి.బి.సి. గుమ్మం ముందు నిలిచాడు. ఆ రాత్రి పీల్ ఆ రికార్డు వేశారు, అదీ తప్పు వేగంతో. ఆ రికార్డు నిమిషానికి 45 చుట్లు తిరగవలసింది, ఆయన 33 చుట్ల మీద పెట్టారు. బిరియాని లేకపోయినా వేసి ఉండేవాడినేనని ఆయన తరువాత నొక్కి చెప్పేవారు. బ్రాగ్ పేరుగాంచిన గాయకుడయ్యాడు.

తప్పు వేగం ఆయనకు కొత్త కాదు. రికార్డును తిరగేసి పెట్టడం, పాటకూ పాటకూ నడుమ నిశ్శబ్దం దొర్లడం, పేరు మరచి తడుముకోవడం పరిపాటి. ఇతర ప్రయోక్తలు ఉత్సాహాన్ని గొంతులో నింపుకుని అరుస్తుంటే, ఈయన పక్కింటి మామయ్య వలె గొణుగుతూ, తన మీద తానే చలోక్తులు విసురుకుంటూ మాట్లాడేవారు. దిద్దని ఆ పొరపాట్లే శ్రోతకు ఆప్తుడిని చేశాయి.

చిన్న భాషకు పెద్ద గది

సరిహద్దు ప్రాంతాల కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటున్నది. బ్రిటన్‌లో ఆంగ్లం ఒక్కటే భాష కాదు. పశ్చిమాన గల వేల్స్‌లో వెల్ష్ భాష తరతరాలుగా జీవిస్తున్నది. బడిలోనూ కచేరీలోనూ ఆంగ్లం పైచేయి కావడంతో ఆ భాష ఇంటి నాలుగు గోడల మధ్యకు కుంచించుకుపోయే ప్రమాదం ఏర్పడింది. 1980లలో అక్కడి యువకులు కొందరు పాత కీర్తనలకే తమ భాష పరిమితం కారాదని, నేటి కోపతాపాలు కూడా అందులోనే పాడాలని పూనుకున్నారు. దత్‌బ్లిగు, అన్‌హ్రెవ్న్ వంటి బృందాలు అట్లా పుట్టాయి. ఆంగ్లంలో పాడితే తప్ప పైకి రాలేరని పరిశ్రమ పెద్దల అభిప్రాయం.

పీల్‌కు వెల్ష్ రాదు. అయినా ఆ రికార్డులు వేశారు, ఆ బృందాలను సెషన్లకు పిలిచారు. అర్థం తెలియకపోయినా ఆవేశం తెలుస్తుందన్నది ఆయన ధోరణి. దేశవ్యాప్త ప్రసారంలో తమ మాతృభాష వినిపించడం ఆ కుర్రవాళ్లకు కలిగించిన ధైర్యం అంతా ఇంతా కాదు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి, బస్సు మీది బోర్డు భాష మరొకటిగా బతికే హోసూరు, బళ్లారి, కోలారు, రాయగడ, చంద్రపూర్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఆ ధైర్యం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. భాషను నిలబెట్టడానికి చట్టాలు, బడులు కావాలి, నిజమే. కాని ఆ భాషలో కొత్తగా పుట్టిన పాటను బయటివాడొకడు శ్రద్ధగా విని, బాగుంది, మళ్లీ వినండి అని పదిమందికీ చెప్పడం కూడా ఒక రక్షణే.

ఇదే చెవితో ఆయన జింబాబ్వేకు చెందిన భుందు బాయ్స్‌ను విన్నారు, జమైకా రెగ్గేను విన్నారు, జపాను బృందాలను విన్నారు, యంత్రవాద్యాల టెక్నోను విన్నారు. 1976లో పంక్ అనే మొరటు సంగీతం పుట్టినప్పుడు, అప్పటివరకు ఇష్టపడిన దీర్ఘమైన పాటలను పక్కనపెట్టి దాని వైపు తిరిగారు. పాత శ్రోతలు ఆగ్రహించారు, కొత్త శ్రోతలు వచ్చారు. ఆయన వయస్సు పెరిగినా శ్రోతల వయస్సు పెరగలేదనడం సబబు. బి.బి.సి. ప్రపంచ ప్రసారాల ద్వారా కూడా ఆయన కార్యక్రమం చాలాకాలం షార్ట్‌వేవ్‌లో దేశదేశాలకు చేరింది.

ఉత్తరాల సంచి, ఇంటి కబుర్లు

సఫోక్ జిల్లాలోని గ్రేట్ ఫిన్‌బరో అనే పల్లెలో ఆయన నివాసం. 1974లో షీలాను వివాహమాడారు, నలుగురు సంతానం. లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టంటే పడిచచ్చే ఆయన, పిల్లల పేర్లలో కూడా ఆ జట్టు జ్ఞాపకాలను చేర్చారు. ఇంటికి రోజూ పార్సెళ్లు వచ్చేవి. దేశం నలుమూలల నుండి కుర్రవాళ్లు పంపిన టేపులు, రికార్డులు. అన్నింటినీ వినడం మానవమాత్రునికి సాధ్యం కాదు. కారు నడుపుతూ, భోజనం చేస్తూ వీలైనన్ని వినేవారు. వినని టేపులో ఏ ఆణిముత్యం పోయిందోనన్న బెంగ ఆయనను వెన్నాడేది. చివరి ఏళ్లలో ఆ పల్లె ఇంటి నుండే తరచుగా ప్రసారం చేసేవారు.

1976 నుండి ఏటా క్రిస్మస్ సమయంలో శ్రోతలు తమకు నచ్చిన పాటలకు ఓట్లు వేసే ఫెస్టివ్ ఫిఫ్టీ జాబితా నడిచింది. అమ్మకాల లెక్కలతో నిమిత్తం లేకుండా, చెవుల తీర్పుతో తయారైన జాబితా అది.

1998లో బి.బి.సి. రేడియో 4లో శనివారం ఉదయం హోం ట్రూత్స్ అనే కార్యక్రమం మొదలైంది. అక్కడ పాటలు లేవు. సామాన్య కుటుంబాల కష్టసుఖాలు, పిల్లల అల్లరి, పెద్దల మరపు, పోయినవారి జ్ఞాపకాలు. అర్ధరాత్రి సంగీతం ఎన్నడూ వినని గృహిణులకు, వృద్ధులకు ఆయన దగ్గరయ్యారు. ఆ మరణవార్తకు రెండు తరాలు ఒకేసారి దుఃఖించడానికి ప్రధాన కారణమిదే. కొడుకు ఒక జాన్ పీల్‌ను పోగొట్టుకున్నాడు, తల్లి వేరొక జాన్ పీల్‌ను పోగొట్టుకున్నది. 2002లో బి.బి.సి. నిర్వహించిన మహనీయ బ్రిటన్ పౌరుల ఎన్నికలో ఆయనకు 43వ స్థానం లభించింది.

కడపటి వీడ్కోలు

2001లో ఆయనకు మధుమేహం ఉన్నట్లు తేలింది. అలసట పెరిగింది. 2004లో ఆయన కార్యక్రమాన్ని రాత్రి 11 గంటలకు జరిపారు. అక్టోబరు 14న చివరి ప్రసారం చేసి, ఒక పత్రిక కోసం యాత్రా వ్యాసం వ్రాసే నిమిత్తం పెరూకు బయలుదేరారు. తిరిగి రాలేదు.

నవంబరు 12న సఫోక్‌లోని బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణపు పెద్ద చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. వెయ్యిమందికి పైగా హాజరయ్యారు. పేరుమోసిన గాయకుల పక్కన, ఒకే ఒక్క రికార్డు వేసి దుకాణాల్లో పనికి చేరిపోయిన మాజీ వాద్యకారులు, ఉత్తరాల ద్వారా మాత్రమే పరిచయమైన శ్రోతలు నిలబడ్డారు. శవపేటికను బయటికి తీసుకువస్తున్నప్పుడు టీనేజ్ కిక్స్ మోగింది. సొంత పల్లెలోని చర్చి ఆవరణలో ఖననం చేశారు. సమాధి శిల మీద ఆ పాటలోని ఒక పంక్తిని చెక్కారు.

ఏడాది తిరిగాక, 2005 అక్టోబరు 13న జాన్ పీల్ దినం జరిపారు. పెద్ద మైదానంలో ఒక్క సభ కాదు. ఊరి సత్రాల్లో, కళాశాల గదుల్లో, చిన్న హోటళ్లలో 500కు పైగా కచేరీలు. కొత్త బృందాలకు అవకాశమివ్వడమే ఆయనకు తర్పణమని శ్రోతలు గ్రహించారు. సగంలో నిలిచిపోయిన ఆయన ఆత్మకథను షీలా పూర్తిచేయగా అదే ఏడాది వెలువడింది. 2012లో లండన్‌లోని బి.బి.సి. భవనంలో ఒక విభాగానికి ఆయన పేరు పెట్టారు. సఫోక్‌లోని స్టోమార్కెట్ పట్టణంలో పాత ధాన్యపు వ్యాపార భవనం ఆయన పేర కళాకేంద్రమైంది.

మరుగుపరచరాని మచ్చ

సంతాపమంటే స్తోత్రం మాత్రమే కాదు. పీల్ జీవితంలో చెప్పక తప్పని చీకటి కోణమున్నది. 1965లో టెక్సాస్‌లో జరిగిన ఆయన మొదటి వివాహంలో వధువు వయస్సు 15 సంవత్సరాలు. ఆమె తన వయస్సు దాచిందని ఆయన తరువాత చెప్పుకున్నారు. ఆ పెళ్లి విడాకులతో ముగిసింది. అమెరికాలో ఉన్న రోజుల్లో తనకోసం వచ్చిన లేతవయస్సు బాలికల గురించి ఆయనే పత్రికలవారితో తేలికగా మాట్లాడిన సందర్భాలున్నాయి. 1969లో తనకు 15 ఏళ్లున్నప్పుడు ఆయనతో సంబంధం ఏర్పడిందని ఒక మహిళ 2012లో వెల్లడించారు. అప్పటికి ఆయన లేరు. జవాబు చెప్పగల అవకాశమూ లేదు, విచారణకు నిలబెట్టే వీలూ లేదు.

2005లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో కొత్త బృందాల వేదికకు ఆయన పేరు పెట్టారు. 2023లో నిర్వాహకులు ఆ వేదిక పేరును వుడ్సీస్‌గా మార్చారు. ఆ పేరు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండరాదు అన్న చర్చ అక్కడ ఇంకా తెగలేదు. పసివారి రక్షణ విషయంలో కాలం అట్లాంటిదని సర్దిచెప్పడం న్యాయం కాదు. అదే సమయంలో, ఆయన తలుపు తెరిచిన వేలాది పాటగాళ్ల శ్రమను చెరిపివేయడమూ సాధ్యం కాదు. రెండింటినీ ఒకే చోట పెట్టి చూడగలగడమే పెద్దరికం. పిల్లలకు చెప్పవలసి వస్తే, ఘనకార్యాన్నీ, దోషాన్నీ కలిపే చెప్పాలి.

మిగిలినది ఏమిటి

ఆయన ఇంట్లో మిగిలిన సంపద రికార్డులే. సుమారు 26,000 పెద్ద రికార్డులు, 40,000 చిన్న రికార్డులు, మరికొన్ని పదులవేల సి.డి.లు. పెద్ద రికార్డులకు ఆయన స్వయంగా తయారుచేసుకున్న చీటీలు. వీటిలో కొంత భాగపు వివరాలను 2012లో అంతర్జాలంలో ప్రజల ముందుంచారు. ఇవి కాక ఒక చెక్కపెట్టె విడిగా ఉండేది. అందులో 142 చిన్న రికార్డులు. ఇల్లు తగులబడితే ముందుగా చేతపట్టుకుని పరుగెత్తడానికి సిద్ధంగా ఉంచుకున్నట్లు, ప్రాణప్రదమైనవి. విశేషమేమిటంటే వాటిలో అనేకం లోకానికి తెలియనివారివే. సెషన్లు జరిగిన మైడా వేల్ భవనాన్ని 2023లో బి.బి.సి. అమ్మివేసింది. ముద్రణలు మాత్రం నిలిచి ఉన్నాయి.

నేడు చేతిలోని ఫోనులో కోట్ల పాటలు ఉన్నాయి. కొరత లేదు. కాని ఆ యంత్రం నిన్న విన్నదానివంటి దానినే నేడు వినిపిస్తుంది. నచ్చిన రుచినే మళ్లీ వడ్డిస్తుంది. పీల్ చేసిన పని దీనికి విరుద్ధమైనది. ఇది నీకు నచ్చకపోవచ్చు, నాకూ పూర్తిగా అర్థం కాలేదు, అయినా ఒకసారి విను అని ఆయన రోజూ అడిగారు. అలా అడిగే మనిషి ప్రతి సమాజానికీ అవసరమే. ఊరి భజన బృందంలో వెనుక వరుసన కూర్చున్న పిల్లవాడి గొంతును గుర్తించే పెద్దమనిషి, బుర్రకథ దళాన్ని జాతరకు పిలిచే కమిటీ పెద్ద, నాలుగు రాష్ట్రాల యాసల్లో పాడుతున్న తెలుగు పిల్లల పాటను ఎగతాళి చేయక వినే బడిపంతులు, వీరంతా తెలిసో తెలియకో అదే పని చేస్తున్నారు.

2004 అక్టోబరులో బ్రిటన్ ప్రజలు దుఃఖించినది ఒక గొంతు కోసమని పైకి కనిపిస్తుంది. లోతుగా చూస్తే వారు పోగొట్టుకున్నది ఒక చెవిని. ఎవరూ వినని పాటను, అర్ధరాత్రి వేళ ఓపికగా విన్న చెవి అది.